గంటస్తంభం దగ్గర సందు మూసేస్తారట, అభ్యంతరాలకి నెల గడువు

కుట్టుమిషను
సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు.

మన విజయనగరంలో గంటస్తంభం దగ్గర బజారు వీధిలోంచి వెనక వీధికి పోయే సన్న సందు ఒకటుంది. మేం గొర్జి అంటాం. దానికి పేరూ లేదు, బోర్డూ లేదు. శుక్రవారం నాడు దాని మొదట్లో గోడకి ఒక కాయితం అంటించేరు. "వినియోగంలో లేని కన్సర్వెన్సీ లేన్" అట. దాన్ని శాశ్వతంగా మూసేసి, ఆ జాగా అటూ ఇటూ ఉన్న ఆస్తిదార్లకి మార్కెట్ ధరకి ఇవ్వమని అర్జీ వచ్చిందిట. అభ్యంతరాలుంటే నెల లోపల రాసివ్వాలి, తర్వాత కౌన్సిల్లో పెడతారు.

వినియోగంలో లేదన్న మాట దగ్గరే ఆగిపోయేను. నా మిషను పక్క కిటికీ ఆ సందులోకే తెరుచుకుంటుంది. పద్దెనిమిదేళ్లుగా అక్కడే కూర్చుని కుడుతున్నాను. ఐదున్నరకి పూలావిడ బుట్ట నెత్తినెట్టుకుని వెళ్తుంది. ఆరింటికి పాలు. ఎనిమిదింటికి బడి పిల్లలు, ఆ వెనక కొట్లలో పనిచేసే ఆడపిల్లలు. మా అత్తగారు అయ్యకోనేరు వైపు గుడికి ఈ సందులోంచే వెళ్తారు. బజారు చుట్టి వెళ్లాలంటే ఆవిడ మోకాళ్లు ఒప్పుకోవు, ఆటోలూ బళ్లూ ఆవిణ్ణి రోడ్డు దాటనివ్వవు.

నిన్న ఆదివారం ఒక అట్టముక్క మీద దర్జీ సుద్దతో గీతలు గీస్తూ లెక్కపెట్టేను. ఆరు నుంచి పదింటి దాకా నూట నలభై ఏడుగురు. సెలవు రోజునే అంతమంది.

అభ్యంతరం ఎలగ రాయాలో, ఎవరికివ్వాలో నాకు తెలీదు. తెలిసినవాళ్లు చెప్పండి.


తోటపాలెం బావు
సోమవారం, రాత్రి 9:40

ఇనప సామాన్ల కొట్టు పక్కనున్నదేనా అక్కా? చిన్నప్పుడు మూడు లాంతర్ల కూడలి దగ్గర పైడితల్లి పండగ చూసి, జనం తోపులాటలో పడలేక అందులోంచే ఇంటికి పోయేవాళ్లం. అమ్మేస్తారా దాన్ని? ఏటిది?


ఇనపకొట్టు
సోమవారం, రాత్రి 10:25

ఆ కొట్టు మాదే. అర్జీ మీద సంతకం పెట్టిన ఏడుగురిలో నేనొకణ్ణి. చాటున ఉండి చదవడం నాకు ఇష్టం లేదు, అందుకే చెప్పేస్తున్నాను.

సందు మొదలు మా గోడ. పొద్దున్న షట్టరు ఎత్తగానే ముందు వచ్చేది ఉచ్చ కంపు. రాత్రి పది దాటితే అక్కడ చేరేవాళ్లెవరో అందరికీ తెలుసు, పొద్దున్నకి సీసా పెంకులు. మా వెనక తలుపు గొళ్లెం రెండుసార్లు కోసేరు. రెండోసారి రాగి తీగ చుట్టలు పోయేయి. చెప్పాల్సిన చోట చెప్పుకున్నాం, వచ్చి చూసి రాసుకుని వెళ్లేరు, అంతే. రెండేళ్ల కిందట వానాకాలంలో మా అమ్మ ఆ నాచు బండ మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఇప్పటికీ వాకర్ పట్టుకునే నడుస్తుంది.

నూట నలభై ఏడుగురు నడుస్తున్నారన్నారు. నడవనీండి. కానీ దాన్ని కడిగించేది నేను. నెలకి ఇద్దరు మనుషుల్ని పెట్టి, ఫినాయిలు పోయించి కడిగిస్తాను. బల్బు మాడిపోతే వేసేదీ నేనే. అందరిదీ అంటారు గానీ దాని బాగు చూసేవాళ్లు ఒక్కరూ లేరు. మూసేసి, ఆ డబ్బుతో వార్డులో కాలవలు బాగుచేస్తే ఊరికే మేలు కదా అనుకున్నాం. ఇందులో కుట్రేమీ లేదు.


కుట్టుమిషను
సోమవారం, రాత్రి 10:51

అన్నయ్యా, మీరని తెలీదు. మీరన్న ప్రతి మాటా నిజమే. కంపు నా కిటికీలోకీ వస్తుంది.

అమ్మగారు పడిన రోజు కేక విని ముందు పరిగెట్టుకొచ్చింది నేనే. బజారులో లారీ అడ్డం పెట్టి సరుకు దింపుతున్నారు, అటు ఆటో రాలేదు. నేనూ పూలావిడా మీ కుర్రాడూ కలిసి అమ్మగారిని మడత మంచం మీద పడుకోబెట్టి, ఆ సందులోంచే వెనక వీధికి మోసుకెళ్లి ఆటో ఎక్కించేం. అది మీకు గుర్తు చెయ్యాలనిపించింది. ఇంకేం కాదు.


లింకు గొలుసు
మంగళవారం, ఉదయం 6:05

అమ్మాయీ, నేను సర్వే శాఖలో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరయ్యాను. నాకు తెలిసినంత చెబుతాను.

మన ఊరికి మున్సిపాలిటీ 1888లో వచ్చింది. ఇళ్లలో నీళ్ల మరుగుదొడ్లు లేని రోజుల్లో పాత వీధుల వెనక పారిశుధ్యం కోసం ఇలాంటి సందులు వదిలేవారు. ముందు గుమ్మం ఒక వీధిలో, దొడ్డి గోడ ఈ సందులో. కాగితాల మీద అదే కన్సర్వెన్సీ లేన్. ఆ పని పోయింది, దారి మిగిలింది. కాబట్టి "వినియోగంలో లేని" అన్న మాట ఏ వినియోగం గురించో ముందు అడగాలి.

మీరు చెయ్యవలసిన పని, టౌన్ సర్వే రిజిస్టరులో ఆ నంబరుకి ఎదురుగా ఏం రాసి ఉందో నకలు తీసుకోవడం. రాస్తా అని ఉందా, మున్సిపల్ లేన్ అని ఉందా, వెడల్పు ఎంత, కొలతల పటంలో గీత ఎలా పోయింది. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. నోటీసు గడువూ నెలే గనక ఇవాళే పెట్టండి, రేపటికి వాయిదా వెయ్యకండి.

రెండోది ఇంకా తేలిక. మీ ఇంటి దస్తావేజు తీసి చెక్కుబందీ చూడండి. నాలుగు హద్దుల్లో ఒకటి "మున్సిపాలిటీ సందు" అనో "రస్తా" అనో ఉంటుంది. అటూ ఇటూ ఉన్న ప్రతి దస్తావేజులోనూ అలాగే ఉంటుంది, అర్జీ పెట్టినవారి దస్తావేజుల్లో సహా. మా తాతల నాటి నుంచి ఇది మాదే అని రేపు ఎవరూ అనడానికి లేకుండా వాళ్ల కాగితమే సాక్ష్యం చెబుతుంది.


పూల్‌బాగ్
మంగళవారం, ఉదయం 8:30

నాదొక ప్రశ్న. ఆరడుగుల సందు కారు పట్టదు, సరిగ్గా బండి కూడా పట్టదు. ఊరికి డబ్బు అవసరం. కొనేవాళ్లు రూపాయితో సహా కడతామంటున్నారు. పాడుపడ్డ సందుని పట్టుకు వేళ్లాడటం కంటే ఆ డబ్బుతో నాలుగు వీధుల్లో లైట్లు వేస్తే మంచిది కాదా? కోపం తెచ్చుకోకండి, నిజంగానే అడుగుతున్నాను.


కుట్టుమిషను
మంగళవారం, మధ్యాహ్నం 2:10

కోపమెందుకండీ. డబ్బు ఒకసారి వస్తుంది, ఒకసారి ఖర్చవుతుంది. సందు మాత్రం మళ్లీ కొనుక్కోగలమా? ఆ ఏడుగురు రేపు రెండు భవనాలూ కలిపి స్లాబు వేసేస్తే, ఇంకో యాభై ఏళ్లకి ఊరంతా మొత్తుకున్నా ఆరడుగుల జాగా ఆ బజారులో దొరుకుతుందా? రోడ్డు వెడల్పు చెయ్యాలంటే ఎన్ని నోటీసులు, ఎన్ని స్టేలు, ఎన్నేళ్లు పడుతుందో మన ఊళ్లోనే చూసేం. ఉన్న దారిని మనంతట మనం ఎందుకు వదులుకోవాలో నాకు అర్థం కావట్లేదు.

కారు పట్టదు, నిజమే. కారు పట్టదు కాబట్టే మా అత్తగారు అందులో భయం లేకుండా నడుస్తారు.


వకీలు గుమస్తా
మంగళవారం, రాత్రి 8:45

కోర్టు దగ్గర ఇరవై ఏళ్లుగా కాగితాలు మోస్తున్నవాణ్ణి. వకీల్ని కాను. నేను చెప్పేది పట్టుకుని ఆగిపోకుండా ఒక న్యాయవాదికి చూపించుకోండి.

వీధిని శాశ్వతంగా మూసే అధికారం కౌన్సిల్‌కి లేదని వాదించకండి. చట్టంలో ఉంది. కానీ దానికో పద్ధతుంది. నోటీసు ఆ వీధిలోనే పెట్టాలి, రాసిచ్చిన అభ్యంతరాలు సభ ముందు పెట్టి ఆలోచించాలి, అప్పుడు తీర్మానం. అందుకే నోటితో చెప్పింది లెక్కలోకి రాదు. రాయండి, రెండు ప్రతులు తీసుకెళ్లండి, ఒకదాని మీద తేదీ వేసి ముద్ర వేయించుకోండి. నూట నలభై ఏడుగురు నడుస్తారు, సంతకం పెట్టినవాళ్లు ముగ్గురే అయితే ఫైలులో ముగ్గురే ఉంటారు.

ఇంకొకటి. వీధి మున్సిపాలిటీదే గదా, ఏమైనా చేసుకోవచ్చు అంటారు చాలామంది. అలా కాదు. మంగ్లౌర్ మున్సిపల్ బోర్డు కేసు అని 1965 నాటి రిపోర్టుల్లో సుప్రీంకోర్టుది ఒకటుంది. రోడ్డు పక్క ఖాళీ జాగాలో ఆ బోర్డు గాంధీగారి విగ్రహం, చలివేంద్రం, గ్రంథాలయం కట్టాలనుకుంది. మూడూ మంచి పనులే. అయినా కోర్టు కుదరదంది. ఆ జాగా ప్రజల దారిలో భాగం, బోర్డు దాన్ని దారిగా కాపాడటానికే పెట్టుకుంది, దారికి సంబంధం లేని కట్టడం అక్కడ వెయ్యకూడదు అంది. అక్కడ వీధిని పద్ధతి ప్రకారం మూసిన వ్యవహారం కాదు, కాబట్టి మీ కేసుకి అచ్చంగా సరిపోతుందని చెప్పను. కానీ కౌన్సిల్ ఆ సందుకి యజమాని కంటే ధర్మకర్తకి దగ్గర అని చెప్పడానికి పనికొస్తుంది.

అలాగే ఎవరైనా సందులోకి మెట్లో అరుగో జరిపి ఉంటే ఇప్పుడే కొలిపించండి. ప్రజల వీధిని ఆక్రమించినవాళ్ల దగ్గర్నుంచి స్థానిక సంస్థ స్వాధీనం కోసం దావా వెయ్యడానికి లిమిటేషన్ చట్టం, 1963 షెడ్యూలులో 111వ అధికరణ 30 ఏళ్లు ఇచ్చింది. చాలా గడువే. కానీ ఊరంతా నిద్రపోతే 30 ఏళ్లు ఇట్టే గడిచిపోతాయి.


మా అమ్మమ్మ దారి
బుధవారం, రాత్రి 12:20

రెండ్రోజులుగా ఈ చర్చ చదువుతున్నాను. రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించేను.

మేం రెల్లివాళ్లం. మా అమ్మమ్మ ఆ సందులో పనిచేసింది. తట్ట, రేకు, చీపురు, బూడిద బుట్ట. తెల్లారకుండా నాలుగింటికి వెళ్లి, జనం లేచేలోపల వచ్చీయాలి. "కన్సర్వెన్సీ లేన్" అన్న మాట మా ఇంట్లో ఎవరూ వినలేదు. ఊళ్లోవాళ్లు దానికి పెట్టిన పేరు ఇక్కడ రాయను, మీలో పాతవాళ్లకి తెలుసు.

నిన్న పని అయ్యేక అటు వెళ్లేను. ఫోన్ లైటు వేసి గోడల కింద చూసేను. మోకాలు ఎత్తులో చదరంగా కంతలు ఉండేవి, ఒక్కో ఇంటికి ఒక్కోటి, ఆ కంతలోంచే చెయ్యి పెట్టి తియ్యాలి. ఇప్పుడన్నీ పూడ్చేసేరు. గోడ పాత సున్నపు గోడ, పూడ్చినచోట మాత్రం సిమెంటు ఇటిక, రంగు తేడా తెలిసిపోతుంది. ఎడమ పక్క పదకొండు, కుడి పక్క తొమ్మిది. ఒకదాని కింద రాతి గడప ఇంకా ఉంది, మధ్యలో అరిగి గుంట పడింది. చెయ్యి పెట్టి చూసేను. అంత నున్నగా అరగాలంటే ఎన్నేళ్లు రేకు గీరాలో.

మనుషులచేత మలం ఎత్తించే ఆ పని వద్దని 1993లో చట్టం వచ్చింది. సరిపోక 2013లో ఇంకో చట్టం చెయ్యవలసి వచ్చింది. మా అమ్మమ్మ రెండోదాని దాకా బతకలేదు.

మొదట ఈ కబురు విన్నప్పుడు నాకు సంతోషమే వేసింది. మూసెయ్యనీ, ఆ సందు ఉంటే ఎంత పోతే ఎంత అనుకున్నాను. తర్వాత నోటీసు మళ్లీ చదివేను. అమ్మేది ఎవరికి? అటూ ఇటూ ఉన్న ఇళ్లవాళ్లకి. ఆ ఇళ్ల ముందు గుమ్మం లోంచి మా అమ్మమ్మ ఒక్కనాడూ లోపలికి వెళ్లలేదు. ఆ ఊళ్లో ఆవిడకి నడిచే హక్కు ఉన్న దారి అదొక్కటే. అది కూడా ఇప్పుడు వాళ్ల ఇంట్లో కలిసిపోతుంది, కంతల ఆనవాళ్లతో సహా.

ఇది ఎవర్నీ అనడానికి రాయలేదు. ఇప్పుడున్నవాళ్లు ఆ కంతలు పెట్టలేదు. కానీ ఆ సందు ఉండాలి. లైటు వెయ్యాలి, బండ మార్చాలి, జనం పగలూ రాత్రీ అందులో తలెత్తుకుని నడవాలి. మా పాప ఇప్పుడు ఎనిమిదో క్లాసు. దాన్ని ఆ చివర్నించి ఈ చివరికి ఒకసారి నడిపించి చూపించాలనుంది.


తోటపాలెం బావు
బుధవారం, ఉదయం 7:02

అన్నా, చదివేను. ఆ సందులో వందసార్లు పరిగెట్టి ఉంటాను, ఆ ఇటికలు ఒక్కసారీ చూళ్లేదు.


లింకు గొలుసు
బుధవారం, ఉదయం 7:30

బాబూ, నేను ఆ వీధులు కొలిచినవాణ్ణి. పటంలో ఆ సందుని రెండు గీతలుగా గీసి ముందుకి పోయేను. నువ్వు రాసింది ఏ రిజిస్టర్లోనూ ఉండదు. నీ అభ్యంతరంలో ఆ కంతల లెక్క కూడా రాయి. ఫైలులో ఉండాలి.


ఇనపకొట్టు
బుధవారం, రాత్రి 9:15

అమ్మమ్మగారి విషయం చదివేక వెనక తలుపు తీసి చూసేను. మా గోడకి మూడున్నాయి. ఒకదాని ముందు మా ఇనప రాక్ ఉంది, ఇన్నాళ్లూ దాని వెనక ఏముందో నేనూ చూళ్లేదు.

ఏం రాయాలో తోచట్లేదు. నా ఇబ్బంది నా ఇబ్బందే, అది పోలేదు. కానీ ఆలోచిస్తున్నాను.


నెల్లిమర్ల నుంచి సియాటెల్
గురువారం, ఉదయం 5:50

మాది నెల్లిమర్ల, ఇప్పుడు అమెరికాలో సియాటెల్ దగ్గర ఉంటున్నాం. ఇక్కడ ఇదే వ్యవహారం ఎలా నడుస్తుందో చెబుతాను, మీకు పనికొస్తుందేమో.

ఈ రాష్ట్రంలో ఒక వీధిని గానీ సందుని గానీ నగరం వదులుకోవాలంటే ముందు దాన్ని ఆనుకున్న ఆస్తుల్లో మూడింట రెండు వంతులకి మించి యజమానులైనవాళ్లు సంతకాలతో అర్జీ పెట్టాలి, లేదా కౌన్సిలే తనంతట తాను తీర్మానంతో మొదలుపెట్టాలి. కౌన్సిల్ తీర్మానం చేసి విచారణ తేదీ వేస్తుంది, అది ఆ తీర్మానం జరిగాక 20 రోజులకి ముందు ఉండకూడదు, 60 రోజులు దాటకూడదు. అంటే జనానికి తెలియడానికి గడువు తప్పనిసరి. నీటి ఒడ్డుకి దిగే వీధులకి ఇంకా గట్టి కాపలా ఉంది, వాటిని మామూలుగా ప్రైవేటు వాళ్లకి వదలడానికి వీల్లేదు. ఒడ్డు అందరిదీ గనక అక్కడికి దారి కూడా అందరిదే అని. పెద్దచెరువుకీ అయ్యకోనేరుకీ దిగే మన దారులు గుర్తొచ్చాయి అది చదివినప్పుడు.

సియాటెల్ నగరం ఇంకో మెట్టు ఎక్కువ. ధర కడితే సరిపోదు, వీధి పోయినందుకు ఊరికి బదులుగా ఏం మేలు చేస్తున్నావో చూపించాలి. 2016 మే నెలలో ఇక్కడ బాస్కెట్‌బాల్ మైదానం కట్టడానికి ఆక్సిడెంటల్ అవెన్యూలో కొంత ముక్క వదలమని అడిగారు. కోట్ల డాలర్ల పని, ఊళ్లో చాలామంది కావాలన్నారు. కౌన్సిల్ 5-4 తేడాతో కాదంది. కాదన్న ఐదుగురూ ఆడవాళ్లే. ఆ తర్వాత వాళ్లని నానా మాటలూ అన్నారు, ఆ తిట్లు చదివి నాకే సిగ్గేసింది. చివరికి ఊళ్లో ఉన్న పాత మైదానాన్నే తిరగ్గట్టారు, 2021లో తెరిచారు. మైదానమూ వచ్చింది, వీధీ పోలేదు.

అంత డబ్బున్న ఊరే ఒక చిన్న వీధి ముక్క గురించి అంత కొట్లాడుకుంది. మన ఆరడుగుల సందు చిన్న విషయమని ఎవరైనా అంటే ఇది చెప్పండి.


సిరిమాను మంగళవారం
గురువారం, రాత్రి 7:40

ఏటా పైడితల్లి అమ్మవారి పండక్కి జనాన్ని చూసుకునే కుర్రాళ్లలో నేనొకణ్ణి. తొలేళ్ల రాత్రి, అంటే సిరిమాను ముందు రోజు సోమవారం రాత్రి నుంచి మంగళవారం సాయంత్రం దాకా నిద్రుండదు.

బయటూళ్లవాళ్లకి తెలీదు గానీ, సిరిమాను అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. అంత పొడుగు చింతమాను, దాని చివర పూజారి, ముందు పాలధార, అంజలి రథం, ఏనుగు. ఆ దారి పొడుగునా మనిషి మీద మనిషి. ఒకసారి సొమ్మసిల్లి పడితే లేపడానికి కూడా జాగా ఉండదు. అలాంటప్పుడు మాకు దిక్కు ఈ గొర్జులే. పెద్ద వీధిలో పడినవాళ్లని ఎత్తుకుని పక్క సందులోంచి వెనక వీధికి చేర్చడం, అక్కడ నీళ్లు, అక్కడ బండి. మూడేళ్ల కిందట కడుపుతో ఉన్న ఒకావిణ్ణి ఇదే సందులోంచి తీసేం. నేను కాళ్ల వైపు పట్టుకున్నాను. నాచు మీద కాలు జారితే ఏం గతని గోడకి భుజం ఆనించి నడిచేను, చొక్కా చిరిగి భుజం గీరుకుపోయింది, ఆ మచ్చ ఇంకా ఉంది.

ఆవిడ మక్కువ దగ్గర పల్లె నుంచి వచ్చింది. తర్వాత ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది.

జనాన్ని కంట్రోల్ చెయ్యడానికి ఏటా ఎన్ని బారికేడ్లు పెట్టాలా అని మాట్లాడతారు. బయటికి పోయే దారులు ఎన్నున్నాయో లెక్క రాసిపెట్టాలి ముందు. ఒకటి మూసేస్తే ఆ జనం ఎటు పోతారు? ఈ ముక్క రాసి, మా కుర్రాళ్లు పాతికమందిచేత సంతకాలు పెట్టించి తెస్తాను.


స్తంభం ఎక్కేవాడు
గురువారం, రాత్రి 10:30

నేను కరెంటు పని చేస్తాను. అభ్యంతరం అని కాదు, సంగతి చెప్తున్నాను. ఆ సందులో రెండు స్తంభాలున్నాయి, వాటి మీద ఇళ్లకి కరెంటిచ్చే ఎల్టీ లైను. కింద తాగునీటి గొట్టం. ఒక పక్కన కాలవ, బజారు వాన నీరు అందులోంచే పల్లానికి పోతుంది. మూసి స్లాబేస్తే ఆ కాలవ ఎవరు తీస్తారు? గొట్టం పగిల్తే ఎవరి పడగ్గదిలో తవ్వాలి?

2014లో హుద్‌హుద్ తుఫాను అప్పుడు పెద్ద వీధిలో చెట్లూ స్తంభాలూ అడ్డంగా పడితే మేం సామాను భుజాల మీద వేసుకుని ఇలాంటి సందుల్లోంచే ఒక్కో వీధికీ వెళ్లేం. లేకపోతే కొన్ని ఇళ్లకి ఇంకో వారం చీకటే.


పూల్‌బాగ్
శుక్రవారం, ఉదయం 8:15

నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కాలవ సంగతీ పండగ సంగతీ నేను ఆలోచించలేదు. కానీ ఇనపకొట్టు గారి సమస్యకి మనమెవరం జవాబివ్వలేదు, అది న్యాయం కాదు. రాత్రి పదికి మూసి పొద్దున్న ఐదుకి తీసే గేటు పెడితే?


వకీలు గుమస్తా
శుక్రవారం, మధ్యాహ్నం 1:05

గేటు తాళం ఎవరి దగ్గరుంటుంది? అక్కడే వస్తుంది చిక్కు. ఒక ప్రైవేటు మనిషి దగ్గర తాళం ఉంటే రెండేళ్లలో పది గంటల గేటు ఎనిమిదింటికే పడుతుంది, ఐదేళ్లలో అసలు తెరవరు. ప్రజల దారికి అడ్డు పెడితే మేజిస్ట్రేటు తీయించే వీలు ఇదివరకు పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 133వ సెక్షన్లో ఉండేది, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 152. గేటు పెట్టినవాళ్లకే ఆ చిక్కు చుట్టుకుంటుంది. గేటు అడగకండి. లైటు, బండ, రోజూ ఊడవడం, బజారులో మగవాళ్లకి ఒక మూత్రశాల, ఈ నాలుగూ రాసి అడగండి. మూత్రశాల లేకుండా గోడ మీద ఎన్ని దేవుడి బొమ్మలు అతికించినా ఆ కంపు పోదు.


కుట్టుమిషను
శుక్రవారం, రాత్రి 9:30

ఇవాళ మా దస్తావేజు తీసేం. మామగారి పేరుతో ఉంది, కాయితం మడతల దగ్గర చిరిగిపోతోంది. చెక్కుబందీలో "పడమర: మున్సిపాలిటీ వారి సందు" అని సిరాతో స్పష్టంగా ఉంది. అది చదువుతుంటే మా అత్తగారు కళ్లజోడు పెట్టుకుని వచ్చి, వేలు పెట్టి ఆ మాట మళ్లీ చదివించుకున్నారు.

సమాచార హక్కు అర్జీ వేసేను, రశీదు ఉంది. అభ్యంతరం ముసాయిదా రాసేను. అందులో ఏం పెట్టేనంటే: ఎంతమంది నడుస్తారో (మూడు రోజుల లెక్క, రేపు సంత రోజు కూడా కూర్చుంటాను), పండగనాడు దేనికి పనికొస్తుందో, కాలవా గొట్టమూ లైనూ, దస్తావేజుల హద్దులు, ఇరవై కంతల సంగతి. చివర, మూయకుండా బాగుచెయ్యమని ఆ నాలుగూ. ఇనపకొట్టు అన్నయ్య చెప్పిన దొంగతనం, నాచు, సీసాలు కూడా ఉన్నదున్నట్టు రాసేను. అవి దాస్తే మన మాట నమ్మరు.

వెడల్పు ఎంతో తెలియాలి. నా దగ్గరున్నది బట్టలు కొలిచే టేపు, ఐదడుగులే. మొదట్లో దానికంటే ఎక్కువ వచ్చింది, మధ్యలో దానికంటే తక్కువ. ఎక్కడ ఎవరు ముందుకి జరిగేరో నాకు తెలీదు.


లింకు గొలుసు
శుక్రవారం, రాత్రి 9:52

ఆదివారం ఉదయం ఆరున్నరకి నేను వస్తాను. నా పాత స్టీలు టేపు ఉంది. పదడుగులకోసారి వెడల్పు తీసి పటం గీసిస్తాను, దాన్ని అభ్యంతరానికి జతచెయ్యి. అధికారిక కొలత కాదది, కానీ వాళ్లు కొలవడానికి వచ్చినప్పుడు పక్కన పెట్టి చూడ్డానికి ఉంటుంది. టేపు రెండో చివర పట్టుకోవడానికి ఒకరు కావాలి. నాకు వంగడం కుదరదు, వంగగలిగినవాళ్లు రండి.


మా అమ్మమ్మ దారి
శుక్రవారం, రాత్రి 10:10

నేనొస్తాను మాస్టారూ. పాపని కూడా తీసుకొస్తాను, అంకెలు అది రాస్తుంది.


ఇనపకొట్టు
శుక్రవారం, రాత్రి 11:35

అర్జీలోంచి నా సంతకం వెనక్కి తీసుకోవాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. మిగతా ఆరుగురితో మాట్లాడాలి, వాళ్లలో ఇద్దరు నాకు వియ్యంకులవుతారు. అది నాకు వదిలెయ్యండి.

మా ఇనప రాక్ గోడ నుంచి అడుగుంబావు సందులోకి వచ్చి ఉంది. రేపు మధ్యాహ్నం కొట్టు కట్టేసేక మనుషుల్ని పెట్టి తీయిస్తాను, ఆదివారం టేపు గోడ దాకా ఆనుతుంది. బండ కూడా కడిగిస్తాను, మాస్టారు జారకుండా. టీ మా అమ్మ పెడతానంది, ముందు గుమ్మం లోంచి రండి.